పాత శాంప్లర్ల ఓఎస్ చిప్‌లు: అపోహలు - వాస్తవాలు

పాత శాంప్లర్లు, అంటే శబ్దాలను రికార్డు చేసుకుని మీట నొక్కితే వాయించే మెషీన్లు, విప్పి బాగుచేయడం నా పని. ఓఎస్ చిప్ (మెషీన్‌ను నడిపే ప్రోగ్రామ్ ఉండే చిప్) మార్చమని వచ్చేవాళ్లలో కొందరు కొత్త వెర్షన్ వేస్తే మెషీన్ కొత్త గొంతుతో పలుకుతుందని ఆశపడతారు. ఇంకొందరు మూత తీస్తేనే అది చచ్చిపోతుందని భయపడతారు. నిజానికి చిప్‌లో ఉండేవి ప్రాసెసర్ చదువుకునే ఆజ్ఞలు మాత్రమే. మెషీన్ పాడైతే అది దాదాపు ఎప్పుడూ చిప్‌ను తీసి పెట్టడంలో జరిగిన పొరపాటు వల్లే.

అపోహ: ఓఎస్ మారిస్తే సౌండ్ మారిపోతుంది.

1987లో వచ్చిన ఈ-ము ఎస్‌పీ-1200నే తీసుకోండి. జనం ఇష్టపడే ఆ గరుకుదనం 12 బిట్ల రికార్డింగ్ నుంచి, 26.04 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్ రేటు నుంచి, బోర్డు మీది అనలాగ్ ఫిల్టర్ల నుంచి వస్తుంది. ఏ ఈప్రామూ (ఓఎస్ రాసి ఉండే, చెరిపి మళ్లీ రాయగల చిప్) వాటి జోలికి పోదు.

కానీ సాఫ్ట్‌వేర్ లెక్కగట్టి తయారుచేసే సౌండ్ సంగతి వేరు. అకాయ్ ఎస్950, ఎస్1000 శాంప్లర్లలో స్వరస్థాయి మారకుండా శబ్దాన్ని సాగదీసే టైమ్ స్ట్రెచ్ అలాంటిదే. 90లలో బ్రిటన్ జంగిల్ (వేగమైన డ్యాన్స్ సంగీతం) రికార్డుల్లో వినిపించే ఆ లోహపు సాగుడు ప్రోగ్రామ్ పనే. నోట్లను గుర్తుంచుకుని వరసగా వాయించే సీక్వెన్సర్ ఉన్న మెషీన్లలో స్వింగ్ (బీట్లను కాస్త జరిపి తెచ్చే ఊపు), టైమింగ్ కూడా అంతే. అలాంటి మెషీనే అయిన 1988 నాటి అకాయ్ ఎంపీసీ60కి దాని రూపకర్త రోజర్ లిన్ ఇచ్చిన 3.10 వెర్షన్, తర్వాతి మోడల్ ఎంపీసీ3000లోని సదుపాయాలు చాలావరకు తెచ్చిపెట్టింది. వాయించే తీరుకు అది పెద్ద మార్పే, శబ్దాన్ని అంకెలుగా, అంకెలను శబ్దంగా మార్చే కన్వర్టర్లు మాత్రం పాతవే.

అపోహ: చిప్ మారిస్తే దాచుకున్న శాంపిల్స్ పోతాయి.

పోవు. అవి ఫ్లాపీలోనో హార్డ్ డిస్కులోనో ఉంటాయి. ర్యామ్‌లో ఉన్నవి ఎలాగూ స్విచ్ ఆపగానే పోతాయి. అయితే సీక్వెన్సులు, సెట్టింగులు బ్యాటరీ ఆధారంగా నిలిచే మెషీన్లలో ముందే డిస్కుకి సేవ్ చేసుకోండి. మూత ఎలాగూ తీస్తున్నారు కాబట్టి ఆ బ్యాటరీ కారిందేమో కూడా చూడండి.

అపోహ: ప్రతి శాంప్లర్‌కీ చిప్ మార్చాల్సిందే.

1984 నాటి ఎన్సోనిక్ మిరాజ్ తన ఓఎస్‌ను ఫ్లాపీ నుంచే ఎక్కించుకుంటుంది. ఎస్1000లో ఓఎస్ చిప్‌లలో ఉన్నా, కొత్తదాన్ని ఫ్లాపీ నుంచి కూడా లోడ్ చేయవచ్చు. మూత తీసే ముందు మీ మోడల్ ఏ తరహాదో తెలుసుకోండి.

అపోహ: కాళ్ల సంఖ్య సరిపోతే ఏ చిప్ అయినా పనిచేస్తుంది.

ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. 27సీ256, 27సీ512 రెండింటికీ 28 కాళ్లే. మొదటిది 32 కిలోబైట్లు, రెండోది 64. తేడా ఒకటో కాలులో ఉంది. 256లో అది ప్రోగ్రామింగ్ వోల్టేజీ కాలు, చదివేటప్పుడు బోర్డు సాధారణంగా దాన్ని 5 వోల్టులకు కట్టేసి ఉంచుతుంది. 512లో అదే కాలు పై అడ్రస్ గీత, అంటే చిప్‌లో ఏ సగం చదవాలో చెప్పేది. కాబట్టి 256 సాకెట్‌లో 512 పెడితే ప్రాసెసర్ చదివేది చిప్ పై సగాన్నే. మీరు ఫైలును కింది సగంలో మాత్రమే రాసి ఉంటే స్క్రీన్ ఖాళీగా ఉంటుంది. ఫైలును రెండు సగాల్లోనూ రాస్తే సమస్య తీరిపోతుంది.

వేగం విషయంలో అంత చింత అక్కర్లేదు. చదవడానికి 200 నానోసెకన్లు పట్టే చిప్ స్థానంలో 150ది పెడితే ఏమీ కాదు. పాతదానికంటే నెమ్మదైనది మాత్రం వద్దు.

16 బిట్ల ప్రాసెసర్ ఉన్న మెషీన్లలో ఇంకో సంగతి: ఓఎస్ తరచూ జంట చిప్‌లలో ఉంటుంది, ఒకదానిలో సరి బైట్లు, మరోదానిలో బేసి బైట్లు. ఆ రెండూ తారుమారైనా, వేర్వేరు వెర్షన్లవైనా మెషీన్ లేవదు. జంటను ఎప్పుడూ కలిపే మార్చాలి.

అపోహ: చిప్ మీద స్టిక్కర్ అలంకారం, పీకేయొచ్చు.

దాని కింద క్వార్ట్జ్ కిటికీ ఉంది. చిప్‌లో రాసినది చెరపడానికి దాని మీద 253.7 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని పదిహేను, ఇరవై నిమిషాలు పడనిస్తాం. ఎండలో వదిలేసినా సుమారు వారంలో చెరిగిపోవచ్చని తయారీదారుల పత్రాలే చెబుతాయి, ట్యూబ్‌లైట్ వెలుగులో అయితే దాదాపు మూడేళ్లు. స్టిక్కర్ చిరిగితే వెంటనే వెలుతురు చొరబడని టేపు అంటించండి.

అపోహ: స్క్రూడ్రైవర్‌తో పైకి లేపితే చాలు.

దయచేసి వద్దు. సాకెట్ కిందుగా పోయే సన్నటి రాగి గీతలు ఆ మొనకి తెగిపోతాయి. చిప్ తీసే పట్టకారు వాడండి, ఒకసారి ఈ చివర, ఒకసారి ఆ చివర కొద్దికొద్దిగా లేపండి. కరెంటు తీగ పీకి, చేతికి స్టాటిక్ (స్థిర విద్యుత్) పట్టీ కట్టుకున్నాకే మొదలుపెట్టండి. పవర్ సప్లై కెపాసిటర్లలో చార్జ్ మిగిలి ఉంటుంది కాబట్టి అటు వేళ్లు పెట్టొద్దు. తీయకముందే చిప్ గాటు ఎటువైపు ఉందో ఫోటో తీసుకోండి. తిరగేసి పెట్టి స్విచ్ వేస్తే చిప్ కాలిపోతుంది. కొత్త చిప్ కాళ్లు కాస్త బయటికి వంగి ఉంటాయి, వాటిని బల్ల మీద మెల్లగా నొక్కి నిటారు చేశాకే సాకెట్‌లోకి దింపండి. ఒక్క కాలు లోపలికి మడతపడినా పైనుంచి కనిపించదు.

అపోహ: మెషీన్ హ్యాంగ్ అవుతోందంటే ఓఎస్ పాతబడినట్టే.

ముందు 5 వోల్టుల సప్లై కొలవండి. ఎండిపోయిన కెపాసిటర్లు, తుప్పు పట్టిన సాకెట్లు ఇలాంటి లక్షణాలే చూపిస్తాయి. చాలాసార్లు ఉన్న చిప్‌నే తీసి, కాళ్లు శుభ్రం చేసి మళ్లీ పెడితే సరిపోతుంది.

అపోహ: అన్నిటికంటే కొత్త వెర్షనే మంచిది.

మీ బోర్డు రివిజన్‌కి (బోర్డు ఏ కూర్పుదో దానికి) అది సరిపడితేనే. పైగా కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన డిస్కును పాతది చదవకపోవచ్చు. కాబట్టి పాత చిప్‌ను ముందు ప్రోగ్రామర్‌లో (చిప్‌లను చదివి రాసే పరికరంలో) రెండుసార్లు చదివి, రెండు చెక్‌సమ్‌లూ (ఫైలులోని బైట్లను బట్టి కట్టే సరిచూపు సంఖ్యలు) కలిశాక ఫైలును భద్రపరచండి. చార్జ్ కారిపోతున్న బిట్ ఏదైనా ఉంటే ఆ రెండు చదువుళ్లలో తేడా బయటపడే అవకాశం ఉంది. ఆ చిప్‌ను పారేయకండి. వెర్షన్ నంబరు రాసి, స్టాటిక్ నుంచి కాపాడే నల్ల ఫోమ్‌లో గుచ్చి, మెషీన్ ఎవరి చేతికి వెళ్లినా దాంతోపాటే వెళ్లేలా చూడండి.