షుగర్ మనింట్లో ఉంది, మరి నాకు?

చిరంజీవులు చిన్నాకి, బుజ్జమ్మకి తాతయ్య ఆశీస్సులు.

చిన్నా, మొన్న ఫోన్లో నువ్వన్న మాట మీదే ఈ ఉత్తరం. "అమ్మకి షుగర్, నాన్నకి షుగర్, నీకూ నానమ్మకీ షుగర్. నాకెలాగూ తప్పదు. ఇప్పటినుంచే నోరు కట్టుకోవడం దేనికి తాతయ్యా?" అన్నావు. బుజ్జమ్మ సంగతి దీనికి పూర్తిగా ఎదురు. ఏ వీడియోలో ఏ జబ్బు గురించి విన్నా ఆ లక్షణాలన్నీ తనకే ఉన్నాయని టెన్షన్ పడి నిద్ర మానుకుంటుంది. చూడటానికి మీరిద్దరూ ఉత్తర దక్షిణాలు. చేస్తున్న పొరపాటు మాత్రం ఒకటే. "వచ్చే అవకాశం ఉంది" అంటే ఇద్దరికీ "వచ్చేసినట్టే" అని వినిపిస్తోంది. ఒకడు చేతులెత్తేశాడు, ఒకతి వణికిపోతోంది.

నేను డాక్టర్ని కాను, హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. సంభావ్యత పాఠం పదో తరగతిలో మీరిద్దరూ చదివారు, మార్కులూ బాగానే తెచ్చుకున్నారు. పాచికలు, రంగుబంతులు అయితే అందరూ చకచకా చేసేస్తారు. అదే లెక్క మన ఒంటి మీదకి వచ్చేసరికి ఎవరికీ గుర్తుండదు.

ఒక నిజమైన లెక్క చెప్తాను. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం 531 మందితో ఒక అధ్యయనం చేసి 2006లో ఫలితాలు ప్రచురించింది. వాళ్ళెవరికీ అప్పటికి షుగర్ లేదు, కానీ అందరూ సరిహద్దులో ఉన్నారు. అంటే గ్లూకోజు తాగించి రెండు గంటల తర్వాత చూస్తే ఉండాల్సిన దానికంటే ఎక్కువ, జబ్బు అనేంత కాదు. వాళ్ళని నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకి మామూలు సలహాలు చెప్పి వదిలేశారు. ఇంకో గుంపు చేత రోజూ అరగంటైనా చురుగ్గా నడిపించారు, పంచదార మాన్పించారు, అన్నం లాంటి పిండిపదార్థాలూ నూనెలూ తగ్గించి పీచు ఉన్నవి పెంచారు. మిగతా రెండు గుంపుల్లో మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడారు. మూడేళ్ళకి మొదటి గుంపులో నూటికి 55 మందికి షుగర్ వచ్చింది. నడిచి, తిండి మార్చుకున్నవాళ్ళలో నూటికి 39 మందికి వచ్చింది. మాత్ర వేసుకున్నవాళ్ళ ఫలితం కూడా దాదాపు ఇంతే. ఇంకో విచిత్రం ఏమిటంటే, నడిచినవాళ్ళ బరువు పెద్దగా తగ్గలేదు. అయినా లాభం కనిపించింది.

55లో 16 తగ్గాయి కాబట్టి ఇది పేపర్లో పడితే "ముప్పు దాదాపు 29 శాతం తగ్గింది" అని పడుతుంది. అది అబద్ధం కాదు, కానీ దాంట్లో బొమ్మ కనబడదు. కాగితం మీద వంద చుక్కలు పెట్టి చూడండి. స్థూలంగా 45 మంది ఏమీ చెయ్యకపోయినా ఆ మూడేళ్ళూ తప్పించుకునేవాళ్ళే. 39 మందికి ఎంత నడిచినా వచ్చింది. మధ్యలో ఉన్న 16 మంది మాత్రం మారినందువల్లే తప్పించుకున్నారు. మొత్తం గొడవంతా ఆ 16 గురించే.

మన ఊరి అరుగుల మీద ఎప్పుడూ వినబడే రెండు కథలు ఇప్పుడు చూడండి. "మా పెదనాన్న రోజూ లడ్డూలు తిన్నాడు, తొంభై ఏళ్ళు బతికాడు" అని ఒకటి. ఆ పెదనాన్న 45లో మనిషి. "రోజూ వాకింగ్ చేసే ఆయనకే షుగర్ వచ్చింది, ఇంకెందుకీ వాకింగులు" అని రెండోది. ఆయన 39లో మనిషి. రెండు కథలూ నిజమే. పదహారులోని మనిషికి మాత్రం కథ ఉండదు. రావాల్సింది రాలేదన్న సంగతి ఆయనకే తెలియదు కాబట్టి అరుగు మీద చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. నువ్వు ఈ మూడింట్లో ఎక్కడున్నావో ముందుగా చెప్పగలిగే డాక్టరు లేడు, జ్యోతిష్కుడు అసలే లేడు. అందుకే అందరం నడవాలి.

చిన్నా, నీ ప్రశ్నకి ఇంకా సూటి జవాబు మరొకటుంది. చెన్నైలోనే మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్ళు 2005లో మన దేశస్థుల కోసం ఒక మార్కుల పట్టిక తయారుచేశారు. రక్తం తియ్యక్కర్లేదు, నాలుగు ప్రశ్నలు చాలు. వయసు 35 లోపు ఉంటే సున్నా, 50 లోపు ఉంటే 20, ఆపైన 30. అమ్మానాన్నల్లో ఒకరికి షుగర్ ఉంటే 10, ఇద్దరికీ ఉంటే 20. నడుము మగవాళ్ళకి 90 సెంటీమీటర్ల లోపు, ఆడవాళ్ళకి 80 లోపు ఉంటే సున్నా. అక్కణ్ణుంచి పది సెంటీమీటర్ల దాకా 10, అదీ దాటితే 20. వ్యాయామమూ ఒళ్ళు వంచే పనీ రెండూ ఉంటే సున్నా, ఒకటే ఉంటే 20, రెండూ లేకపోతే 30. మొత్తం వందకి 60 వస్తే ముప్పు ఎక్కువ, 30 లోపైతే తక్కువ. ఈ మార్కులు శాతాలు కావు. 60 వస్తే నూటికి అరవై వంతులు షుగర్ వస్తుందని కాదు, తప్పకుండా పరీక్ష చేయించుకోమని అర్థం.

నీ మార్కులు నేనే వేశాను. వయసుకి సున్నా. అమ్మానాన్నలకి 20. గచ్చిబౌలిలో రోజంతా కుర్చీ, సాయంత్రం సోఫా కాబట్టి 30. సంక్రాంతికి కుట్టించిన ప్యాంటు కొలత చూస్తే నడుము 90 దాటింది, అందుకో 10. మొత్తం 60. ఇరవై నాలుగేళ్ళకే!

ఇప్పుడు ఆ పట్టికని ఒక మాస్టారి కంటితో చూడు. వయసుకి గరిష్ఠంగా 30, తల్లిదండ్రులకి 20, కలిపితే 50. ఇవి నీ చేతిలో లేవు. నడుముకి 20, కదలికకి 30, కలిపితే మళ్ళీ 50. నువ్వు "ఎలాగూ తప్పదు" అన్నది మేమిచ్చిన ఆ ఇరవై మార్కుల్ని చూసి. నలభై మార్కులు నీ సొంత సంపాదన. రోజూ వ్యాయామం మొదలుపెట్టి నడుము 90 లోపుకి తెచ్చుకున్నావంటే 60 కాస్తా 40 అవుతుంది. 35 నిండగానే ఆ పట్టిక అడక్కుండా ఇంకో 20 కలుపుతుంది, కాబట్టి ఈ పదకొండేళ్ళూ ఊరికే పోనివ్వకు.

"నేను సన్నగానే ఉన్నాగా" అంటావు బుజ్జమ్మా. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక ఫొటో వచ్చింది. పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తుని బట్టి బరువు ఎంతుందో చెప్పే అంకె) ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు కొలిస్తే యుడ్కిన్‌కి 9 శాతం, యాజ్ఞిక్‌కి 21 శాతం. మనవాళ్ళకి చేతులూ కాళ్ళూ సన్నగానే ఉంటాయి, కండ తక్కువ, కొవ్వు పొట్టలో చేరుతుంది. కాలేయంలోనూ పొట్ట లోపలా కొవ్వు పేరుకుంటే రక్తంలో చక్కెరని అదుపు చేసే ఇన్సులిన్ మాట ఒళ్ళు వినదు, దాన్ని తయారుచేసే క్లోమం రెట్టింపు పని చేసి చేసి చివరికి అలిసిపోతుంది. అందుకే మనకి బరువు తూచే మిషన్ కంటే దర్జీ టేపు ఎక్కువ నిజం చెప్తుంది. అలాగని నువ్వు అన్నం మానేసి పండ్లరసాల మీద పడొద్దు. వారానికి రెండు రోజులు కండకి పని చెప్పు, గుంజీళ్ళైనా సరే. పీసీఓడీ (అండాశయాలకి సంబంధించిన హార్మోన్ల సమస్య) ఉందన్నారు కదా, దానికీ షుగర్‌కీ చుట్టరికం ఉంది. భయపడమని కాదు, పరీక్ష వాయిదా వెయ్యొద్దని చెప్తున్నాను.

తిండి సంగతి. మన పళ్ళెంలో అన్నం కొండలా ఉంటుంది, పప్పూ కూరా ఆ కొండ పక్కన చెరువుల్లా ఉంటాయి. ఐసీఎంఆర్ వాళ్ళ దేశవ్యాప్త అధ్యయనం నుంచి 2025లో వచ్చిన లెక్క ప్రకారం మనం తినే కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాలవే. అందులో కాస్త తగ్గించి ఆ చోటు పప్పులకో పెరుగుకో ఇస్తే షుగర్ ముప్పు తక్కువగా కనబడింది. మొత్తం పిండిపదార్థం తగ్గించకుండా బియ్యం తీసేసి గోధుమలో చిరుధాన్యాలో పెట్టినంత మాత్రాన ఆ లాభం కనబడలేదు. ఈ మాట మీ నాన్నకి చదివి వినిపించండి. కొర్రన్నం ఆరోగ్యమని రెండు పళ్ళేలు లాగిస్తున్నాడు.

పరీక్షల దగ్గర ఒక్క నిమిషం ఆగండి. పరగడుపున చూస్తే వంద లోపు మామూలు. 126, ఆపైన వస్తే షుగర్. మధ్యలో ఉంటే సరిహద్దు. మూడు నెలల సగటు చెప్పే పరీక్షలో 5.7 లోపు మామూలు, 6.5 నుంచి షుగర్. ఏ లక్షణమూ లేనప్పుడు ఒక్క రిపోర్టు చూసి జబ్బని తీర్మానించరు, మళ్ళీ చేయిస్తారు. బుజ్జమ్మ లాగా రక్తం తక్కువున్న ఆడపిల్లలకి ఐరన్ లోపం వల్ల ఆ సగటు ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు, ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పాలి. ప్రభుత్వం వాళ్ళు 30 దాటినవాళ్ళకి ఊరూరా బీపీ, షుగర్ చూస్తున్నారు. మన ఇంటి చరిత్రకి మీరు 30 దాకా ఆగక్కర్లేదు. అలాగని వందకి పైగా పరీక్షలున్న ప్యాకేజీ ఆఫర్లో వచ్చిందని కొనకండి. అన్ని పరీక్షలు చేస్తే ఏదో ఒకటి గీత దాటి కనబడటం మామూలే. ఆ తర్వాత మళ్ళీ స్కానులు, మళ్ళీ టెన్షన్. అదీ సంభావ్యతే.

సిగరెట్ సంగతి కూడా నాకు తెలుసు చిన్నా, టీ కొట్టు దగ్గర అప్పుడప్పుడూ అని. బ్రిటన్‌లో డాక్టర్ల మీదే యాభై ఏళ్ళు సాగిన అధ్యయనంలో పొగ తాగుతూనే ఉన్నవాళ్ళు సగటున పదేళ్ళు ముందు పోయారు. ముప్పైకల్లా మానేసినవాళ్ళు ఆ నష్టాన్ని దాదాపు పూర్తిగా తప్పించుకున్నారు. నీకింకా ఆరేళ్ళు గడువుందని కాదు దీనర్థం.

ఇన్ని చెప్పాక అసలు మీ వయసుకి పెద్ద ముప్పు ఇవేవీ కాదని కూడా చెప్పాలి. ఐదు నుంచి ఇరవై తొమ్మిదేళ్ళ లోపు వాళ్ళని ప్రపంచంలో ఎక్కువగా బలి తీసుకుంటున్నది రోడ్డు. మన దేశంలో 2022లో హెల్మెట్ లేకుండా పోయినవాళ్ళే 50 వేల మంది, వాళ్ళలో వెనక కూర్చున్నవాళ్ళు 14 వేల పైచిలుకు. హెల్మెట్ పెట్టుకుంటే తలకి దెబ్బ తగిలే ముప్పు మూడింట రెండొంతులు తగ్గుతుంది. ఒక్కసారి బండెక్కితే ప్రమాదం జరిగే అవకాశం చాలా చిన్నది, నిజమే. కానీ నువ్వు బండెక్కేది ఒక్కసారి కాదుగా. షుగర్ ముప్పు తగ్గాలంటే ఏళ్ళ తరబడి నడవాలి, హెల్మెట్ పెట్టుకోవడానికి పది సెకన్లు చాలు. బుజ్జమ్మ క్యాన్సర్ వీడియోలు చూస్తూ నిద్ర మానుకుని, పొద్దున్నే స్నేహితురాలి స్కూటీ వెనక తల దువ్వుకుని కూర్చుంటుంది! భయపడాల్సిన చోట భయం లేదు.

ఆదివారం ఇద్దరూ టేపు పెట్టి నడుము కొలవండి. ప్యాంటు మీద కాదు. చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ సరిగ్గా మధ్యన, ఊపిరి మామూలుగా వదిలాక, పొట్ట బిగబట్టకుండా కొలవాలి. చిన్నా, బిగబడతావని నాకు తెలుసు, కొలిచేది బుజ్జమ్మ. సెంటీమీటర్లలో రాసి పంపండి. మీ నాన్నదీ కొలవండి, వద్దన్నా వదలకండి. పరగడుపు పరీక్ష చేయించుకుంటే ఆ రిపోర్టు ఫొటో కూడా పెట్టండి, డాక్టరు గారికి చూపించే ముందు నాకు భయపడుతూ ఫోన్ చెయ్యకండి.

మీ
తాతయ్య