ఆర్డుయినో మొదలుపెట్టేవాళ్లకు: అపోహలు, వాస్తవాలు

కావలిలో నాకు చిన్న రిపేరు షాపు ఉంది. పగలంతా మోటారు స్టార్టర్లు, ఇన్వర్టర్లతో సరిపోతుంది. సాయంత్రం ఇద్దరు ముగ్గురు పిల్లలు వస్తే వాళ్లకు ఆర్డుయినో బోర్డు మీద మైక్రోకంట్రోలర్ నేర్పిస్తాను, అంటే మనం రాసిన ప్రోగ్రాం ప్రకారం పనిచేసే చిన్న కంప్యూటర్ చిప్పు. వాళ్లు బోర్డు చూడకముందే ఎవరెవరో చెప్పిన మాటలతో భయపడి వస్తారు. ఆ భయం పోగొట్టడానికే నాకు మొదటి వారం పడుతుంది.

అపోహ: ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్) చదివినవాళ్లకే ఇది వస్తుంది.

ఆర్డుయినో 2005లో ఇటలీలోని ఇవ్రియా అనే ఊళ్లో పుట్టింది. ఎలక్ట్రానిక్స్ చదవని డిజైన్ విద్యార్థుల కోసమే దాన్ని తయారుచేశారు. లెక్కలంటారా, మొదట్లో కావలసింది తీసివేత, భాగహారం. ఎర్ర ఎల్ఈడీ సుమారు 2 వోల్టులు తీసుకుంటుంది. బోర్డు పిన్ను (వైరు తగిలించే చోటు) ఇచ్చే 5 వోల్టుల్లోంచి 2 పోతే 3. దాన్ని 220 ఓమ్‌ల రెసిస్టర్‌తో భాగిస్తే దాదాపు 14 మిల్లీ ఆంపియర్లు. ఎల్ఈడీకి అది చాలు, పిన్నుకూ క్షేమం. ఈ ఒక్క లెక్క కాగితం మీద సొంతంగా వేసిన పిల్లవాడికి ధైర్యం వచ్చేస్తుంది.

అపోహ: ఇంగ్లీషు బాగా రావాలి.

మొదటి నెలలో వాడే ప్రోగ్రాం మాటలు పదీ పదిహేనుకు మించవు. ఎర్రర్ వచ్చినప్పుడు కింద కనిపించే ఎర్ర అక్షరాలన్నీ చూసి కంగారు పడొద్దు. మొదటి ఎర్రర్ ఒక్కటే చదవండి. చాలాసార్లు అది చూపించే లైనుకు పైలైనులో సెమికోలన్ మర్చిపోయి ఉంటారు.

అపోహ: పనిచేయలేదంటే ప్రోగ్రాం తప్పే.

విడవలూరు వైపు నుంచి ఒక అబ్బాయి వచ్చేవాడు. వాళ్లకు రొయ్యల గుంటలున్నాయి. రాత్రిపూట కరెంటు పోతే నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోతాయి, నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, వెంటనే జనరేటర్ వేయకపోతే పంట పోయినట్టే. వాళ్ల నాన్న షెడ్డులో పడుకున్నా నిద్ర పట్టేది కాదు. కరెంటు పోగానే మోగే బజర్ చేస్తానన్నాడు. ఆలోచన మంచిదే: పాత సెల్ చార్జర్ ఇచ్చే 5 వోల్టులు ఆర్డుయినోలో ఉనో అనే రకం బోర్డు ఏడో పిన్నుకు ఇస్తాం, బోర్డు బ్యాటరీ మీద నడుస్తుంది, చార్జర్ ఆగితే పిన్ను సున్నాకు వస్తుంది, బజర్ మోగుతుంది.

కానీ కరెంటు ఉన్నా మోగేది, లేకపోయినా ఒక్కోసారి ఊరుకునేది. వైరు దగ్గర చెయ్యి పెడితే ఇంకోలా ఉండేది. రెండు రోజులు ప్రోగ్రాం మార్చి మార్చి రాశాడు. నా దగ్గరికి తెచ్చినప్పుడు నేను ల్యాప్‌టాప్ తెరవలేదు, మల్టీమీటర్ తీశాను. చార్జర్ ఎర్ర వైరు పిన్నుకు పెట్టాడు గానీ నల్ల వైరు గాల్లో వదిలేశాడు. బోర్డుకూ చార్జర్‌కూ గ్రౌండ్ (వోల్టులు కొలవడానికి సున్నాగా తీసుకునే వైరు) కలవకపోతే 5 వోల్టులనే మాటకు అర్థమే లేదు. నల్ల వైరు గ్రౌండ్‌కు కలిపాం. వరుసలో 1 కిలో ఓమ్ పెట్టి, పిన్ను నుంచి గ్రౌండ్‌కు 10 కిలో ఓమ్‌లు వేశాం. ఇప్పుడు వైరు ఊడిపోయినా బజర్ మోగుతుంది. హెచ్చరించే పరికరం చెడిపోతే మౌనంగా చెడిపోకూడదు.

ఇందులోనే ఇంకో సంగతి. బోర్డుకు మొదట పవర్ బ్యాంకు పెట్టాడు. చాలా పవర్ బ్యాంకులు ఇంత తక్కువ కరెంటు లాగితే వాటంతటవే ఆఫ్ అయిపోతాయి. అందుకని చిన్న 12 వోల్టుల బ్యాటరీకి మార్చాం. త్రీఫేజులో ఒక్క ఫేజు పోతే మాత్రం ఈ బజర్‌ను నమ్మకూడదు, తిరుగుతున్న మోటార్లు పోయిన ఫేజులోకి వోల్టేజీ వెనక్కి పంపుతాయి. దానికి స్టార్టర్‌లో ప్రివెంటర్ (ఒక ఫేజు పోతే మోటారును ఆపేసే పరికరం) ఉండాల్సిందే.

అపోహ: బోర్డు ముట్టుకుంటే షాక్ కొడుతుంది.

5 వోల్టులు పొడి చేతికి ఏమీ చేయవు. అయితే రిలే మాడ్యూల్ (బోర్డు చెప్పినట్టు ఇంటి కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్చి) తగిలించిన నిమిషం నుంచి అది వేరే వస్తువు. దాని అడుగున సోల్డరింగ్ చుక్కల్లో 230 వోల్టులు బయటికే ఉంటాయి, బల్ల మీద పడిన స్క్రూడ్రైవర్ తగిలినా చాలు. నా దగ్గర మొదటి ఆరు నెలలు ఎవరికీ మెయిన్స్ ముట్టుకునే పని ఇవ్వను. ఎంత బతిమాలినా ఇవ్వను.

అపోహ: పిన్నుకు మోటారు తగిలిస్తే తిరుగుతుంది.

ఉనో పిన్ను నుంచి 20 మిల్లీ ఆంపియర్లకు మించి లాగకూడదు. బొమ్మ కారు మోటారు కూడా అంతకంటే ఎన్నో రెట్లు లాగుతుంది. మధ్యలో ట్రాన్సిస్టర్, మోటారుకు అడ్డంగా తిరగేసిన డయోడ్ పెట్టండి.

అపోహ: పెద్ద కిట్ కొనాలి.

అక్కర్లేదు. బోర్డు, బ్రెడ్‌బోర్డు (సోల్డర్ చేయకుండా వైర్లు గుచ్చి కలిపే పలక), కాసిని ఎల్ఈడీలు, రెసిస్టర్లు, మల్టీమీటర్ చాలు. యూఎస్‌బీ కేబుల్ డేటా వెళ్లేదే తీసుకోండి, చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే వైరుతో కంప్యూటర్‌లో బోర్డు కనిపించదు. అవీ లేనివాళ్లు వోక్వీ సిమ్యులేటర్‌లో, అంటే బోర్డు లేకుండానే ప్రోగ్రాం నడిపి చూసే వెబ్‌సైట్‌లో, ఇవాళే మొదలుపెట్టొచ్చు.

అపోహ: బ్రెడ్‌బోర్డు మీద పనిచేసిందంటే అయిపోయినట్టే.

మన సముద్రపు గాలికి అది ఎన్నాళ్లో నిలవదు. ఉప్పు తేమకు క్లిప్పులకు కిలుము పడుతుంది. ఆ అబ్బాయి చేసింది చుక్కల బోర్డు మీద సోల్డర్ చేయించి, మూతకు రబ్బరు ఉన్న డబ్బాలో పెట్టించాను. వారానికోసారి పగటిపూట చార్జర్ ప్లగ్గు పీకి, బజర్ మోగుతుందో లేదో చూడమని చెప్పి పంపాను.