రాత్రిపూట లాంగ్ ఎక్స్‌పోజర్: అపోహలు - వాస్తవాలు

రాత్రి తీసిన ఫోటో చీకటిగా వస్తే చాలామంది వెంటనే చేసే పని షట్టర్‌ను (కెమెరాలోకి వెలుగు రానిచ్చే తలుపును) ఇంకాసేపు తెరిచి ఉంచడం. దీన్నే లాంగ్ ఎక్స్‌పోజర్ అంటారు. పది సెకన్లు చాలకపోతే ముప్పై పెడతారు. కొన్నిసార్లు అది సరైన పనే, చాలాసార్లు కాదు. ఫ్రేములో ఏది కదులుతోంది, ఏది కదలట్లేదు అన్నది ముందు చూసుకోవాలి. రాత్రి ఫోటోల మీద ఉన్న అపోహల్లో సగం ఈ ఒక్క ప్రశ్న వేసుకోకపోవడం వల్లే పుడతాయి.

అపోహ: షట్టర్ ఎంతసేపు తెరిస్తే అన్నీ అంత వెలుగుగా వస్తాయి

దీపం వెలుగు పడుతున్న గోడను తీసుకోండి. షట్టర్ తెరిచి ఉన్నంతసేపూ ఆ గోడ వెలుగు సెన్సర్ (కెమెరాలో వెలుగును పట్టే పలక) మీద అదే చోట పడుతూ పోగవుతుంది. సమయం రెట్టింపు చేస్తే వెలుగూ రెట్టింపే. కానీ రోడ్డు మీద పోతున్న కారు హెడ్‌లైట్ సెన్సర్ మీద ఒక్కో చోట లిప్తపాటు మాత్రమే ఉండి ముందుకు జరిగిపోతుంది. 5 సెకన్లు పెట్టినా 30 సెకన్లు పెట్టినా ఒక కారు గీసే గీత వెలుగు మారదు, పొడవు మారుతుంది. గీతలు మరీ తెల్లగా మాడిపోతుంటే ఎపర్చర్‌ను (లెన్స్‌లో వెలుగు లోపలికొచ్చే రంధ్రాన్ని) చిన్నది చేయాలి లేదా ఐఎస్‌ఓ (పడిన వెలుగును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) తగ్గించాలి. అప్పుడు చీకటి పడిపోయిన భవనాలను సమయం పెంచి వెనక్కి తెచ్చుకోవచ్చు. అంటే గీతలకు ఎపర్చర్, భవనాలకు సమయం. ట్రాఫిక్ ఫోటోలు నేను ఈ లెక్కతోనే తీస్తాను.

నక్షత్రాలకూ ఇదే సూత్రం. ఆకాశం గంటకు 15 డిగ్రీలు తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. నక్షత్రం తన చోటు నుంచి జరిగిపోయాక ఎంతసేపు ఆగినా దాని వెలుగు పెరగదు. దాని చుట్టూ ఉన్న ఆకాశం మాత్రం పోనుపోను తెల్లబడుతుంది. కాబట్టి మరీ ఎక్కువసేపు తీసిన ఫోటోలో నక్షత్రాలు ఇంకా మసకబారినట్టు అనిపిస్తాయి. చుక్కలు చుక్కలుగానే రావాలంటే 500ను ఫోకల్ లెంగ్త్‌తో (లెన్స్ మీద మిల్లీమీటర్లలో రాసుండే అంకెతో) భాగించమని పాత లెక్క ఒకటుంది: ఫుల్ ఫ్రేమ్ కెమెరా (పాత ఫిల్మ్ రీలు సైజు సెన్సర్ ఉన్నది) మీద 20 మిల్లీమీటర్ల లెన్స్‌కు 25 సెకన్లు. ఇప్పటి ఎక్కువ మెగాపిక్సెళ్ల సెన్సర్లకు ఇది మరీ ఉదారమైన లెక్క. జూమ్ చేసి చూస్తే ప్రతి చుక్కకూ తోక కనిపిస్తుంది. 500 బదులు 300 వాడండి, అదే లెన్స్‌కు 15 సెకన్లు వస్తుంది. సెన్సర్ చిన్నదైతే ఫోకల్ లెంగ్త్‌ను క్రాప్ ఫ్యాక్టర్‌తో (ఫుల్ ఫ్రేమ్ కన్నా సెన్సర్ ఎన్ని రెట్లు చిన్నదో చెప్పే అంకెతో) గుణించాకే భాగించాలి.

మనుషులు కూడా కదిలేవాళ్ళే. 1838లో, ఫోటోగ్రఫీ తొలి పద్ధతుల్లో ఒకదాన్ని కనిపెట్టిన డగేర్ పారిస్ వీధిని తీసినప్పుడు ఎక్స్‌పోజర్‌కు నిమిషాలు పట్టింది. బళ్ళూ, నడిచే జనమూ మాయమయ్యారు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ ఒకచోట నిలబడ్డ మనిషి మాత్రం నిలిచాడు. యాత్రికులతో కిక్కిరిసిన చోట రాత్రి 30 సెకన్లు పెట్టినా జరిగేది ఇదే: నడిచేవాళ్ళు పోతారు, సెల్ఫీ కోసం ఆగినవాళ్ళు దెయ్యాల్లా మిగులుతారు. వాళ్ళ చేతిలో వెలుగుతున్న ఫోన్ ఉంటే గీత కూడా పడుతుంది. అలాంటి చోట ఒకే పెద్ద ఎక్స్‌పోజర్ మీద ఆశ పెట్టుకోవద్దు. ఒకే ఫ్రేమును పదిసార్లు తీసి సాఫ్ట్‌వేర్‌లో మీడియన్ పద్ధతిలో (ఒక్కో చోట పది ఫ్రేముల్లోని నడిమి విలువను ఉంచుకుంటూ) కలిపితే, చోటు మారిన జనం దాదాపు అందరూ పోతారు.

అపోహ: ఐఎస్‌ఓ పెంచితే నాయిస్ వస్తుంది కాబట్టి ఎప్పుడూ 100లోనే ఉంచాలి

నాయిస్ అంటే ఫోటోలో కనిపించే గరుకు చుక్కలు. దానికి అసలు కారణం తక్కువ వెలుగు. ఐఎస్‌ఓ పెంచినంత మాత్రాన సెన్సర్ మీద పడే వెలుగు తగ్గదు. ట్రైపాడ్ మీద భవనాన్ని తీస్తున్నప్పుడు ఐఎస్‌ఓ 100 మంచిదే, ఎందుకంటే దానివల్ల ఎక్కువసేపు షట్టర్ తెరిచి ఎక్కువ వెలుగు పట్టే వీలుంటుంది. నక్షత్రాల దగ్గర సమయానికి హద్దుంది. అక్కడ 100లో తీసి, ఇంటికొచ్చాక కంప్యూటర్‌లో నాలుగైదు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు) లేపితే కొన్ని కెమెరాల్లో నీడల్లో అడ్డగీతలు, రంగుల మచ్చలు బయటపడతాయి. నేరుగా 1600, 3200లో తీసినదే శుభ్రంగా ఉంటుంది. ఐఎస్‌ఓ పెంచినందుకు నష్టం వేరే చోట జరుగుతుంది: వీధి దీపాలు, పెద్ద నక్షత్రాలు తొందరగా తెల్లబడి రంగు పోగొట్టుకుంటాయి.

నాయిస్ నిజంగా తగ్గాలంటే ఫ్రేముల సంఖ్య పెంచండి. ఒకే దృశ్యాన్ని 16 సార్లు తీసి సరిచేసి కలిపితే యాదృచ్ఛికమైన నాయిస్ నాలుగో వంతుకు పడిపోతుంది.

అపోహ: ఎక్కువసేపు తెరిచి ఉంచితే సెన్సర్ పాడైపోతుంది

పాడవదు. ఈ టెన్షన్ వదిలేయండి. సెన్సర్ వేడెక్కి ఎరుపు, నీలం, ఆకుపచ్చ చుక్కలు కనిపిస్తాయి, అంతే. వాటిని తీసేయడానికే లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఉంది. మీ ఫోటో అయ్యాక కెమెరా షట్టర్ మూసి, అంతే సమయం ఇంకో చీకటి ఫ్రేము తీసి, దాన్ని అసలు ఫోటోలోంచి తీసివేస్తుంది. నాలుగు నిమిషాల ఫోటోకు ఇంకో నాలుగు నిమిషాలు కాచుకోవాలి. కెమెరా హ్యాంగ్ అయిందనుకుని బ్యాటరీ పీకేసేవాళ్ళు చాలామంది ఈ సంగతి తెలియనివాళ్ళే. నక్షత్రాల గీతల కోసం వరసగా ఫ్రేములు తీసేటప్పుడు మాత్రం దీన్ని ఆపేయాలి, లేకపోతే గీతలు ముక్కలుముక్కలుగా వస్తాయి.

సెన్సర్‌ను నిజంగా దెబ్బతీసేది లేజర్. లేజర్ షోలో కిరణం నేరుగా లెన్స్‌లోకి వచ్చే చోట కెమెరా పెట్టకండి.

అపోహ: రాత్రి ఫోటోకు చిమ్మచీకటే కావాలి

పాలపుంతకు కావాలి. ఊళ్ళకు, నగరాలకు, వంతెనలకు అక్కర్లేదు. సూర్యుడు దిగంతానికి 6 డిగ్రీల కిందికి దిగేదాకా సివిల్ ట్వైలైట్, 12 దాకా నాటికల్, 18 దాకా ఆస్ట్రనామికల్. మొదటిది ముగిసి రెండోది మొదలయ్యే వేళకు ఆకాశపు నీలం, దీపాల వెలుగు ఇంచుమించు సమానమవుతాయి. భవనం అంచు ఆకాశంలో కలిసిపోకుండా తెగినట్టు కనిపిస్తుంది. అది ఎంతసేపుంటుందన్నది అక్షాంశాన్ని బట్టి మారుతుంది: భూమధ్యరేఖ దగ్గర నిమిషాల్లో దాటిపోతుంది, ధ్రువాల వైపు వేసవిలో గంటలకొద్దీ సాగుతుంది. ప్రయాణంలో కొత్త చోటికి వెళ్ళేవాళ్ళు ఈ లెక్క ముందే చూసుకోవాలి.

వెన్నెలను కూడా తక్కువ అంచనా వేస్తారు. పున్నమి చంద్రుడు సూర్యుడి కన్నా సుమారు 4 లక్షల రెట్లు మసక. అయినా తగినంత సమయం ఇస్తే కొండలు, చెట్లు పగటి రంగుల్లోనే వస్తాయి, ఆకాశం నీలంగా వస్తుంది. అర్ధచంద్రుడు పున్నమిలో సగం వెలుగిస్తాడని లెక్కేసుకుంటే మాత్రం మోసపోతారు. ఇచ్చేది దాదాపు పదో వంతే.

అపోహ: ట్రైపాడ్ ఉంటే కెమెరా కదలదు

మధ్య కాడ పైకి లేపిన ట్రైపాడ్ గాలికి ఊగుతుంది. మెడపట్టీ రెపరెపలాడి కెమెరాను లాగుతుంది. బరువు కోసం వేలాడదీసిన బ్యాగు నేలకు ఆనకపోతే అదే ఊయలవుతుంది. వంతెన మీద లారీ వెళ్ళినప్పుడల్లా కాళ్ళ కింద నేలే అదురుతుంది. అక్కడ ఒక పెద్ద ఎక్స్‌పోజర్ బదులు చిన్నవి నాలుగు తీసుకోవడం మేలు. లెన్స్‌లోని స్టెబిలైజేషన్ (చేతి అదురును సరిచేసే ఏర్పాటు) ఆపేయండి. కొన్ని కొత్త కెమెరాలు ట్రైపాడ్‌ను వాటంతటవే గుర్తుపడతాయి, మీది ఏ రకమో ఇంట్లోనే పరీక్షించుకోండి. బటన్ నొక్కిన అదురు పోవడానికి రెండు సెకన్ల టైమర్ చాలు.

ఫోటో చెడితే ఎందుకు చెడిందో ఫోటోలోనే ఉంటుంది. స్క్రీన్ మీద జూమ్ చేసి ఒక దూరపు దీపాన్ని చూడండి. దీపాలన్నిటికీ ఒకే వైపు చిన్న తోక ఉంటే కెమెరా కదిలింది. గోడ స్పష్టంగా ఉండి నక్షత్రాలకే తోకలుంటే సమయం ఎక్కువైంది. చుక్క బదులు గుండ్రటి బిళ్ళ కనిపిస్తే ఫోకస్ తప్పింది. ఈ పరీక్ష అక్కడే, మళ్ళీ తీసే వీలున్నప్పుడే చేయాలి.

ఫోకస్ అన్నాను కాబట్టి: లెన్స్ మీద అనంతం గుర్తును నమ్మకండి. చాలా లెన్సులు ఆ గుర్తు దాటి తిరుగుతాయి. పెద్ద నక్షత్రాన్ని స్క్రీన్ మీద పెంచి చూస్తూ, అది అతిచిన్న చుక్క అయ్యేదాకా చేత్తో తిప్పండి. చలి పెరిగితే మళ్ళీ చూసుకోవాలి.

అపోహ: మంచి రాత్రి ఫోటో కోసం దూరం పోవాలి

ఇది నాకు అన్నిటికన్నా బాధ కలిగించే అపోహ. ఇంటి దగ్గర మీకున్నది మళ్ళీ మళ్ళీ వెళ్ళగలగడం. ఏ దీపం ఎన్నింటికి ఆరుతుందో, చంద్రుడు ఏ నెలలో ఏ కప్పు వెనక నుంచి లేస్తాడో ఊరికి కొత్తగా వచ్చినవాడికి తెలియదు. దీపాల ఊళ్ళో ఉండి కూడా నక్షత్రాల గీతలు తీయవచ్చు: తక్కువ ఐఎస్‌ఓలో 20, 30 సెకన్ల ఫ్రేములు ఎడతెగకుండా తీసి, ఒక్కో చోట వెలుగైనదాన్నే ఉంచుకునే పద్ధతిలో కలిపితే ఆకాశం తెల్లబడదు. ఉత్తరార్ధగోళంలో ధ్రువనక్షత్రం ఎంత ఎత్తులో ఉంటుందో తెలియాలంటే మీ అక్షాంశం చూసుకుంటే చాలు, రెండూ ఇంచుమించు ఒకటే.

ప్రయాణంలో దీనికి పూర్తిగా వ్యతిరేకం. అక్కడ మీకున్నది ఒక్క రాత్రి. వెలుగుండగానే చేరుకుని ఎక్కడ నిలబడాలో, ఎక్కడ కాలు జారుతుందో చూసుకోండి. ఫోకస్ పెట్టి ఆటోఫోకస్ ఆపేయండి. చీకట్లో బటన్లు తడిమి గుర్తుపట్టడం ఇంటి దగ్గరే నేర్చుకుని వెళ్ళండి. ట్రైపాడ్ ఒప్పుకోని చోట్లుంటాయి కాబట్టి గోడ మీద బ్యాగు పెట్టి దాని మీద కెమెరా ఆనించడం కూడా సాధన చేయండి.

చిన్నవి కొన్ని

"స్క్రీన్ మీద బాగానే ఉంది" అనుకోకండి. చీకటికి అలవాటైన కంటికి స్క్రీన్ ఎప్పుడూ ఎక్కువ వెలుగుగానే కనిపిస్తుంది. హిస్టోగ్రామ్ (ఫోటోలో చీకటి, వెలుగు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్) చూడండి. రక్షణ కోసం పెట్టిన యూవీ ఫిల్టర్ రాత్రి తీసేయండి. వీధి దీపాలు దానిలో ప్రతిఫలించి ఫ్రేములో తలకిందుల ఆకుపచ్చ చుక్కలుగా తేలతాయి. దీపాల చుట్టూ కిరణాల కోసం ఎఫ్/22 (అంకె పెరిగితే ఎపర్చర్ చిన్నదవుతుంది) దాకా పోనక్కర్లేదు, ఎఫ్/11 నుంచి 16 లోపే వస్తాయి. అంతకు మించితే ఫోటో మొత్తం మెత్తబడుతుంది.

పెద్ద ఎక్స్‌పోజర్ లెక్క కోసం ప్రతిసారీ నిమిషాలు వృథా చేయనక్కర్లేదు. ఐఎస్‌ఓ 6400లో 4 సెకన్లకు సరిగ్గా వస్తే, అదే ఎపర్చర్‌తో 100లో 256 సెకన్లు, అంటే నాలుగు నిమిషాల పదహారు సెకన్లు. డిజిటల్‌లో ఈ లెక్క నేరుగా పనిచేస్తుంది. ఫిల్మ్ అయితే ఎక్కువసేపటి ఎక్స్‌పోజర్‌లో దాని సున్నితత్వం తగ్గిపోతుంది కాబట్టి తయారీదారు ఇచ్చిన పట్టిక చూసి ఇంకా పెంచాలి.