కాన్పుకో పన్ను పోతుందా? గర్భిణుల నోటి ఆరోగ్యం: అపోహలు - వాస్తవాలు

దంతవైద్యుడిగా నా దగ్గరికి వచ్చే గర్భిణుల్లో చాలామంది నొప్పి భరించలేని దశకు చేరాకే వస్తారు. ఇన్నాళ్లూ ఎందుకు ఆగారంటే ఒకటే జవాబు: "కాన్పయ్యాక చూసుకోవచ్చన్నారండీ." అన్నవాళ్లలో అత్తగారు, పక్కింటావిడే కాదు, ఒక్కోసారి మా పళ్ల డాక్టర్లూ ఉంటారు. అది మాకు సిగ్గుచేటు.

అపోహ: బిడ్డ తల్లి పళ్లలోని కాల్షియం లాగేసుకుంటుంది, అందుకే కాన్పుకో పన్ను ఊడుతుంది.

నెలలు నిండేసరికి బిడ్డ ఒంట్లో చేరే కాల్షియం సుమారు 30 గ్రాములు. అందులో ఎక్కువ భాగం చివరి మూడు నెలల్లోనే చేరుతుంది. అది తల్లి తిండి నుంచి వస్తుంది, చాలకపోతే ఆమె ఎముకల నుంచి. గట్టిపడిన పంటిలోని కాల్షియాన్ని రక్తంలోకి తిరిగి లాక్కునే దారి శరీరానికి లేదు.

అలాగని ఆ మాట ఊరికే పుట్టలేదు. వేవిళ్ల రోజుల్లో బ్రష్ నోట్లో పెట్టగానే డోకు వస్తుంది, పళ్లు తోమడం తగ్గిపోతుంది. వాంతిలోని ఆమ్లం పై పళ్ల లోపలి వైపును కరిగిస్తుంది. నోరు బాగుండక గంటకోసారి బిస్కెట్, ఉప్పూకారం అద్దిన మామిడికాయ ముక్క. ముందే ఉన్న పిప్పి పన్నుకు చికిత్స తొమ్మిది నెలలు వాయిదా. పన్ను పోవడానికి ఇవి చాలవా? నింద మాత్రం కడుపులోని బిడ్డ మీద.

వాంతి కాగానే బ్రష్ చేయకండి. ఆమ్లానికి మెత్తబడిన పంటి పైపొర అరిగిపోతుంది. గ్లాసు నీళ్లలో చెంచా వంటసోడా కలిపి పుక్కిలించి, ఓ గంట ఆగి తోమండి. పొద్దున డోకు వస్తుంటే కడుపు కుదుటపడిన వేళ, చిన్నపిల్లల బ్రష్‌తో తోముకోవచ్చు.

అపోహ: చిగుళ్ల నుంచి రక్తం వస్తుంటే పళ్లు తోమకూడదు.

ఇంతకంటే తలకిందుల సలహా లేదు. హార్మోన్లు పెరగడం వల్ల కొద్దిపాటి పాచికే చిగుళ్లు ఎర్రబడి ఉబ్బుతాయి. సాధారణంగా రెండో నెలలో మొదలై ఎనిమిదో నెల దాకా ఎక్కువవుతుంది. హార్మోన్లను మనం ఆపలేం, పాచిని తీయగలం. మెత్తని బ్రష్‌ను పన్నూ చిగురూ కలిసే గీత మీద ఆనించి రెండు పూటలా తోమండి. గార పట్టి ఉంటే తీయించుకోండి, గర్భంతో ఉండగానే.

కొందరికి రెండు పళ్ల మధ్య చిగురు ఎర్రటి బుడిపెలా పెరుగుతుంది. దీన్ని 'ప్రెగ్నెన్సీ ట్యూమర్' అంటారు. పెట్టినవాళ్లెవరో గానీ, ఆ పేరు వినగానే ఇంటిల్లిపాదీ బెంబేలెత్తుతారు. అది క్యాన్సర్ కాదు. కాన్పయ్యాక చాలావరకు దానంతటదే తగ్గుతుంది.

చిగుళ్ల జబ్బుంటే నెలలు నిండకుండానే కాన్పవుతుందని బెదిరించేవాళ్లూ ఉన్నారు. ఈ రెండూ కలిసి కనిపించడం నిజమే. కానీ అమెరికాలో 800 మందికి పైగా గర్భిణులపై జరిపి 2006లో ప్రచురించిన పరిశోధనలో, చిగుళ్లకు చికిత్స చేసినా అలాంటి కాన్పులు తగ్గలేదు. చికిత్స వల్ల హాని కూడా కనిపించలేదు. నాకు ఆ రెండో మాటే ముఖ్యం.

అపోహ: ఎక్స్‌రే, మత్తు సూది బిడ్డకు ప్రమాదం.

పంటి ఎక్స్‌రే కిరణాలు దవడ మీద పడతాయి, గర్భాశయానికి చేరేది లెక్కలోకి రానంత తక్కువ. చిగురుకు ఇచ్చే లిడోకెయిన్ మత్తు సూది గర్భిణులకు సురక్షితమే. నాలుగు నుంచి ఆరో నెల వరకు కుర్చీలో కూర్చోవడానికి సుఖంగా ఉంటుంది, కానీ చీము పట్టిన పన్నుకు నెలలు లెక్కపెట్టకూడదు. చివరి నెలల్లో వెల్లకిలా పడుకుంటే కళ్లు తిరగవచ్చు కాబట్టి కుడి నడుము కింద చిన్న దిండు పెడతాం.

భయపడాల్సింది మందుల షాపులో అడిగి తెచ్చుకునే మాత్రలకు. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు 20 వారాలు దాటాక వేసుకుంటే ఉమ్మనీరు తగ్గవచ్చు. బిడ్డ పాలపళ్లు కడుపులో నాలుగో నెల నుంచే గట్టిపడతాయి, అప్పుడు టెట్రాసైక్లిన్ జాతి యాంటీబయాటిక్ మందులు వాడితే ఆ పళ్ల రంగు మారుతుంది. పన్ను చూపించుకోవడానికి వచ్చేటప్పుడు ఎన్నో నెలో ముందే చెప్పి, ప్రసూతి డాక్టరు రాసిన చీటీ వెంట తెచ్చుకోండి.