ష్కోడ్ర చివరి పాషా: వారసత్వ పదవి ఎలా వచ్చింది, ఎందుకు పోయింది

ఒట్టోమన్ సామ్రాజ్యంలో గవర్నరు పదవి తండ్రి నుంచి కొడుక్కి దక్కే ఆస్తి కాదు. సుల్తాను ఫర్మానాతో వస్తుంది, ఇంకో ఫర్మానాతో పోతుంది. కాగితం మీద నియమం ఇదే. కానీ ఇప్పటి ఉత్తర అల్బేనియాలో ఉన్న ష్కోడ్ర పట్నాన్ని 1757 నుంచి 1831 దాకా, అంటే 74 ఏళ్ళపాటు, ఒకే ఇంటివాళ్ళు ఏలారు. వాళ్ళు బుషాతీలు. ఆ వరసలో ఆఖరివాడు ముస్తఫా పాషా. పాషా అంటే గవర్నరు లాంటి పెద్ద అధికారికి ఉండే బిరుదు. ఆయన గురించి మాట్లాడేటప్పుడు రెండు వాదాలు వినిపిస్తాయి. సామ్రాజ్య రాజధాని ఇస్తాంబుల్‌ను ఎదిరించిన అల్బేనియా వీరుడని ఒక వాదం, సొంత జాగీరు కాపాడుకోవడానికి జనాన్ని యుద్ధంలోకి లాగిన ప్రభువని ఇంకో వాదం. నాకైతే రెండూ ఆయనకు అతకవనిపిస్తుంది. తనలాంటి వాళ్ళను సుల్తాను ఒక్కొక్కరినే తొలగిస్తుంటే సాయం చేసి, చివరికి తన వంతు వచ్చేసరికి ఒంటరిగా మిగిలిపోయినవాడు ముస్తఫా. ఆ సంగతి అర్థం కావాలంటే ముందు ఆ పదవి వారసత్వంగా ఎలా మారిందో చూడాలి.

అసలు కారణం డబ్బు. 1683లో వియన్నా ముట్టడి విఫలమయ్యాక ఒట్టోమన్లు ఏళ్ళ తరబడి యుద్ధాల్లో కూరుకుపోయారు, ఖజానా ఖాళీ అయింది. 1695లో ప్రభుత్వం ఒక దారి కనిపెట్టింది. పన్నులు వసూలు చేసుకునే హక్కును జీవితకాలపు ఇజారాగా ఇవ్వడం మొదలుపెట్టింది. పెద్ద మొత్తం ముందుగా కట్టినవాడికి ఆ ప్రాంతం శిస్తు బతికున్నంతకాలం దక్కుతుంది, ఏటా నిర్ణయించిన వాటా మాత్రం ఇస్తాంబుల్‌కు పంపాలి. ఇజారాదారు చనిపోతే కొడుకు మళ్ళీ ఓ మొత్తం కట్టి దాన్ని నిలబెట్టుకునేవాడు. సైన్యం సంగతీ ఇలాగే తయారైంది. పాత రోజుల్లో భూమి ఇచ్చి పోషించిన ఆశ్వికులు తుపాకుల కాలంలో పనికిరాకుండా పోయారు. యుద్ధం వస్తే మనుషులను కూడగట్టి తెచ్చేది స్థానిక పెద్దలే. శిస్తూ, తుపాకీ పట్టే మనుషులూ రెండూ ఒకరి చేతిలోనే ఉంటే ఆ మనిషిని బదిలీ చేయడం ఎవరి తరం?

ష్కోడ్రలో ఆ అవకాశాన్ని పట్టుకున్నవాడు మెహ్మెద్ పాషా. ఊరికి దక్షిణాన ఉన్న బుషాత్ గ్రామం వీళ్ళది, ఇంటిపేరు అక్కడి నుంచే వచ్చింది. అప్పట్లో ష్కోడ్ర బజారులో తోళ్ళు ఊనేవాళ్ళ సంఘానికీ దర్జీల సంఘానికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. ఒక్కో సంఘం వెనక ఒక్కో పెద్ద కుటుంబం ఉండేది. ఆ తగవులో పావులు కదిపి 1757లో మెహ్మెద్ పట్నాన్ని చేజిక్కించుకున్నాడు. ఇస్తాంబుల్ కాదనలేక పదవి ఇచ్చింది.

మెహ్మెద్ కట్టించినవి ఇప్పటికీ ఉన్నాయి. కోటగుట్ట కింద ఉన్న మసీదుకు 'సీసపు మసీదు' అని పేరు. 1773లో కట్టడం మొదలుపెట్టిన దాని గుమ్మటాలకు సీసపు రేకులు కప్పించాడు. ఊరికి కొంచెం దూరంలో కీర్ ఏటి మీద మెస్ వంతెన ఉంది. 108 మీటర్ల పొడవు, 13 కమానులు, నున్నటి రాళ్ళు పరిచిన ఇరుకు దారి. మధ్య కమాను మిగతావాటికంటే బాగా ఎత్తు. వంతెన తిన్నగా పోకుండా ఒకచోట వంపు తిరుగుతుంది. కొసోవో వైపు వెళ్ళే సరుకు గుర్రాలు, కంచర గాడిదలు ఈ దారినే నడిచేవి. ఈ వంతెనను వట్టి పుణ్యకార్యంగా చూస్తే సగమే చూసినట్టు. కొసోవో నుంచి ష్కోడ్ర మీదుగా ఏడ్రియాటిక్ సముద్రానికి పోయే ఉన్ని, తోళ్ళు, మైనం మీద సుంకం వచ్చేది పాషాకే. ఉల్సిన్ రేవు నావికులు ఆ సరుకును వెనిస్ దాకా చేర్చేవారు. బుషాతీల బలానికి ఆధారం ఈ దారి.

మెహ్మెద్ 1775లో చనిపోయాడు. కొంతకాలానికి అధికారం కొడుకు కారా మహ్మూద్ చేతికి వచ్చింది. ఇతను దూకుడు మనిషి. 1785లో మాంటెనీగ్రో మీద పడి ఆ రాజ్యానికి గుండెకాయ లాంటి సెటిన్యెను తగలబెట్టాడు. పక్క పాషాల ఇలాకాలను ఆక్రమించాడు. ఇస్తాంబుల్ 1787లో సైన్యం పంపి ష్కోడ్రలోని రోజాఫా కోటలో అతన్ని ముట్టడించింది. కోట పడలేదు, కొండజనం వచ్చి ఆదుకున్నారు. మరుసటి ఏడాది ఆస్ట్రియా తనతో పొత్తు కోసం పంపిన దూతలను చంపించి, తలలు సుల్తానుకు పంపాడు. దాంతో క్షమాభిక్ష దొరికింది. తిరుగుబాటు చేయడం, క్షమాపణ సంపాదించడం, మళ్ళీ పదవిలో కూర్చోవడం: ఆ ఇంట్లో ఇది మామూలైపోయింది. ఇస్తాంబుల్ ఎంత కోపగించినా చివరికి రాజీకొస్తుందనే నమ్మకం వాళ్ళలో పాతుకుపోవడానికి ఇదే మూలం. ముస్తఫాను ముంచింది కూడా ఆ నమ్మకమే అనుకుంటాను. కారా మహ్మూద్ మాత్రం 1796లో మాంటెనీగ్రోతో క్రూసి దగ్గర జరిగిన యుద్ధంలో చనిపోయాడు. గెలిచినవాళ్ళు అతని తలను సెటిన్యె తీసుకెళ్ళారు.

తర్వాత తమ్ముడు ఇబ్రహీం పాషా 1810 దాకా ఏ గొడవా లేకుండా సుల్తానుతో సర్దుకుపోయాడు. ఇక ముస్తఫా. 1797లో పుట్టాడు కాబట్టి గద్దెనెక్కేసరికి మీసకట్టు కూడా సరిగా రాని కుర్రాడు.

అతనికి దక్కిన పాలన ఎలాంటిదో చెప్పాలి. పట్నం, మైదానపు ఊళ్ళు పాషా చేతిలో ఉండేవి. కొండలు అలా కాదు. అక్కడ ఒక్కో తెగకు ఒక్కో జెండా, జెండా పట్టే పెద్ద, ఇచ్చిన మాటను ప్రాణంగా చూసే 'బెసా' కట్టుబాటు. వాళ్ళలో చాలామంది కేథలిక్కులు. మిర్దితా తెగవాళ్ళయితే పూర్తిగా కేథలిక్కులే. ముస్లిం పాషా కోసం వాళ్ళు యుద్ధానికి వచ్చేవారు, బదులుగా వాళ్ళ కొండల్లో, వాళ్ళ ఆచారాల్లో ఎవరూ వేలు పెట్టకూడదు. ఈ ఒప్పందం కాగితం మీద లేదు, పాషా ఇంటితో ఉన్న తరాల నాటి నమ్మకం మీద నడిచేది. ఇస్తాంబుల్ నుంచి కొత్తగా వచ్చే అధికారికి ఆ నమ్మకం ఎక్కడ దొరుకుతుంది?

ఇంకో లెక్క కూడా ఉంది. అల్బేనియా బేలకు, అంటే స్థానిక ప్రభువులకు, యుద్ధం ఒక వ్యాపారం. ఇంతమంది సైనికులను తెస్తానని ఖజానా నుంచి జీతాలు మొత్తంగా తీసుకునేవారు. పట్టీలో రాసినంతమంది నిజంగా ఉండేవారా అంటే, చాలాసార్లు ఉండేవారు కాదు. ఆ తేడా బే జేబులోకి పోయేది. సామాన్య సైనికుడికీ ఊళ్ళో రాళ్ళచేను తప్ప వేరే ఆదాయం లేదు. అందుకే జీతగాళ్ళ సైన్యం స్థానంలో ప్రభుత్వ కవాతు సైన్యం వస్తుందంటే కిందా మీదా అందరికీ టెన్షనే.

1808లో గద్దెనెక్కిన రెండో మహ్మూద్ సుల్తాను తెచ్చింది సరిగ్గా ఆ మార్పునే. అతను తొందరపడలేదు. ఒక పాషాను ఇంకో పాషాతో కొట్టించాడు. 1820లో దక్షిణ అల్బేనియా, ఉత్తర గ్రీసులను గుప్పిట్లో పెట్టుకున్న యానినా అలీ పాషాను ద్రోహిగా ప్రకటించినప్పుడు ముస్తఫా సుల్తాను పక్షాన నిలబడి సైన్యాన్ని నడిపించాడు. అలీ అతనికి బద్ధ పోటీదారు, కాబట్టి ఆ నిర్ణయం అప్పటికి సబబుగానే కనిపించి ఉంటుంది. 1822 మొదట్లో అలీని చంపి తలను ఇస్తాంబుల్‌కు పంపారు. ఆ రోజుతో అల్బేనియాలో సుల్తానుకు లెక్కచెప్పని ఇల్లు బుషాతీలది ఒక్కటే మిగిలింది. ముస్తఫా బతుకులో అన్నిటికంటే ఖరీదైన తప్పు ఇదే. 1831లో చేసింది దాని ఫలితమే.

1823లో గ్రీకు తిరుగుబాటును అణచమని పిలుపు వచ్చింది. ఆగస్టులో కార్పెనీసి దగ్గర అతని ముందుదళం మీద గ్రీకుల నాయకుడు మార్కోస్ బొత్సారిస్ రాత్రిపూట దాడి చేశాడు. బొత్సారిస్ అక్కడే చనిపోయాడు, కానీ ముస్తఫా దళం బాగా దెబ్బతింది. ఆ దాడికి ఎదురునిలిచినవాళ్ళలో మిర్దితా కేథలిక్కులు ఉన్నారు. అటు గ్రీకు క్రైస్తవులు, ఇటు ముస్లిం పాషా కింద కేథలిక్ క్రైస్తవులు. ఆ యుద్ధాన్ని మతయుద్ధంగా చెప్పేవాళ్ళు ఈ రాత్రి గురించి కూడా చెప్పాలి. తర్వాత ముస్తఫా, ఇంకో ఒట్టోమన్ సేనాని ఒమర్ వ్రియోనీ కలిసి అనతోలికో అనే చిన్న దీవి పట్నాన్ని ముట్టడించారు. ఊళ్ళో మంచినీళ్ళు లేవు, దాహంతో లొంగిపోతారని అంచనా. ముట్టడి చేసినవాళ్ళ ఫిరంగి గుండు ఒకటి చర్చి నేలను పగలగొడితే నీటి ఊట బయటపడిందని ఆ ముట్టడి గురించి రాసినవాళ్ళు చెబుతారు. జ్వరాలు సైన్యాన్ని పీల్చేశాయి. డిసెంబరులో ముస్తఫా ముట్టడి ఎత్తేసి ఇంటిదారి పట్టాడు.

1826లో సుల్తాను ఇస్తాంబుల్‌లో జానిసరీల, అంటే పాత పదాతి దళం, బారకాసులను ఫిరంగులతో కూల్చి ఆ దళాన్నే రద్దు చేశాడు. కొత్త కవాతు సైన్యం వచ్చింది. రెండేళ్ళకు రష్యాతో యుద్ధం మొదలైంది. ముస్తఫాను పిలిచారు. అతను పెద్ద సైన్యంతో డాన్యూబ్ వైపు కదిలాడు గానీ కాలయాపన చేస్తూ, యుద్ధం దాదాపు తేలిపోయే దాకా రంగంలోకి దిగలేదు. 1829 సెప్టెంబరులో ఎడిర్నే సంధి కుదిరింది. తన బలాన్ని సుల్తాను కోసం ఖర్చు చేయకూడదన్న లెక్క అందులో కనబడుతుంది. సుల్తానూ ఆ లెక్క చూశాడు.

అల్బేనియాను దారికి తెచ్చే పని ప్రధాన వజీరు రెషీద్ మెహ్మెద్ పాషాకు అప్పగించారు. 1830 ఆగస్టులో ఆయన దక్షిణ అల్బేనియా బేలను సన్మానం పేరుతో మొనస్తీర్‌కు పిలిచాడు. అదే ఇప్పటి ఉత్తర మాసిడోనియాలోని బితోలా. వాళ్ళు అనుచరులతో వచ్చారు. స్వాగతం చెప్పడానికి వరసగా నిలబడ్డ కవాతు సైనికులు తుపాకులు వాళ్ళ మీదికే తిప్పి కాల్చారు. సుమారు 500 మంది చనిపోయారు. దక్షిణాదిలో పేరున్న వేలీ బే వాళ్ళలో ఒకడు. ఇది యుద్ధం కాదు, అతిథులను నమ్మించి చంపడం. రెషీద్ సంస్కరణలను ఎంత మెచ్చుకున్నా ఈ పనికి సమర్థన లేదు. ఇంటికొచ్చిన అతిథిని ప్రాణమిచ్చైనా కాపాడాలనుకునే కొండజనానికి ఇది ఎలా తగిలి ఉంటుందో చెప్పక్కర్లేదు.

ఇక ముస్తఫా వంతు. సంస్కరణలు ఒప్పుకో, కొన్ని జిల్లాలు వదులుకో అన్నారు. 1831 వసంతంలో అతను తిరగబడి దక్షిణ దిశగా బయలుదేరాడు. సెర్బియా ప్రభువు మిలోష్ ఒబ్రెనోవిచ్ వెనక నుంచి ఎగదోశాడు. ఈజిప్టు పాలకుడు ముహమ్మద్ అలీ ఆశ పెట్టాడు. బోస్నియాలో హుసేన్ గ్రదాష్చెవిచ్ నాయకత్వంలో బేలు లేచారు. ఇంతమంది ఉన్నా ఎవరి దారి వారిదే. ప్రిలెప్ ఊరి దగ్గర బబూనా కనుమలో రెషీద్ కవాతు సైన్యం, ఫిరంగుల ముందు అల్బేనియన్లు నిలవలేకపోయారు. ముస్తఫా వెనక్కి వచ్చి రోజాఫా కోటలో తలుపులు మూసుకున్నాడు. జూలైలో బోస్నియన్లు కొసోవోలో రెషీద్‌ను ఓడించారు కూడా. కానీ వజీరు వాళ్ళకు తీపిమాటలు చెప్పి ఇళ్ళకు పంపేశాడు. ష్కోడ్రను విడిపించడానికి ఎవరూ రాలేదు. 1787లో పెదతండ్రుల తరంలో కొండల నుంచి దిగినట్టు ఈసారి ఆదుకునే సైన్యం దిగలేదు. నెలల ముట్టడి తర్వాత నవంబరులో ముస్తఫా లొంగిపోయాడు.

ప్రాణం దక్కింది. ఇస్తాంబుల్ తీసుకెళ్ళి క్షమించారు. ఆ తర్వాత అతను అనటోలియాలో, హెర్జెగోవినాలో గవర్నరుగా పనిచేశాడు. పంపినచోటికి వెళ్ళాడు, పిలిస్తే వచ్చేశాడు. బదిలీ అయ్యే గవర్నరు అనే పద్ధతికి వ్యతిరేకంగా కత్తి పట్టినవాడు చివరి రోజులు ఆ పద్ధతిలోనే గడిపాడు. 1860లో మదీనాలో చనిపోయాడు.

అతన్ని ఓడించిన రెషీద్ 1832 డిసెంబరులో కొన్యా దగ్గర ముహమ్మద్ అలీ కొడుకు ఇబ్రహీం చేతిలో ఖైదీ అయ్యాడు. అల్బేనియన్ కుటుంబం నుంచి వచ్చిన ఆ ముహమ్మద్ అలీకి 1841లో సుల్తానే ఈజిప్టు గవర్నరు పదవిని వంశపారంపర్యంగా రాసిచ్చాడు. బుషాతీలకు 74 ఏళ్ళలో ఏనాడూ అలాంటి పత్రం దొరకలేదు. తేడా ఎక్కడంటే, ముహమ్మద్ అలీ పాత జీతగాళ్ళను వదిలించుకుని తనే కవాతు సైన్యం తయారు చేసుకున్నాడు. ముస్తఫా పాత పద్ధతినే పట్టుకుని కూర్చున్నాడు.

ష్కోడ్ర మాత్రం కుదుటపడలేదు. కొత్త గవర్నర్లు వచ్చారు, వాళ్ళతో కొత్త పన్నులు, సైన్యంలో నిర్బంధ భర్తీ వచ్చాయి. 1833లో పట్నం లేచింది. 1835లో మళ్ళీ లేచింది. ఈసారి నడిపించింది హమ్జా కజాజీ. అప్పటికి పాషా లేడు, జీతాల పట్టీలు లేవు, బేల లాభాల లెక్క కూడా లేదు. అయినా బజారు జనం, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కలిసి ఒట్టోమన్ దండును కోటలోకి తరిమి చుట్టుముట్టారు. ముస్తఫా పోరాటం అతని స్వార్థం కోసమే అనేవాళ్ళు ఈ రెండు తిరుగుబాట్లకు కారణం వెతకాలి. కొండల్లో పన్నులు, భర్తీ మీద మొదలైన ఆ తగవు అల్బేనియా స్వతంత్రం ప్రకటించుకున్న 1912 దాకా నడిచింది.