గట్టులో పీత బొరియ

అమలాపురం వైపు నుంచి ఒకావిడ అడిగారు: "మా వదినకి రొమ్ములో గోళీకాయంత గడ్డ తగిలిందండి. నొప్పి లేదు కదా, పర్లేదంటున్నారు. సూది గుచ్చి పరీక్ష చేస్తే కేన్సర్ పాకేస్తుందట, నిజమేనా?"

అమ్మా, నొప్పి లేదని ఊరుకోకండి, ఈ వారమే చూపించండి. గడ్డలన్నీ కేన్సర్ కావు. కానీ కేన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు.

రొమ్ము లోపలి అమరికకి మన కాలువలకంటే దగ్గరి పోలిక నాకు దొరకలేదు. ధవళేశ్వరం నుంచి పెద్ద కాలువ, దానికి పిల్లకాలువలు, చివర చేలోకి బోదె. రొమ్ములో అలాంటి అల్లికలు 15 నుంచి 20 దాకా ఉంటాయి. ప్రవాహం మాత్రం ఎదురు: పాలు కొసన ఊరి, సన్ననాళాలు కలుస్తూ కలుస్తూ చనుమొనకి చేరతాయి. కేన్సర్ ఎక్కువగా మొదలయ్యేది ఆ కొసనే. నెలనెలా హార్మోన్ల పిలుపుకి అక్కడి కణాలు విభజన చెందుతాయి. విభజన జరిగిన ప్రతిసారీ డీఎన్‌ఏ మొత్తం నకలు కావాలి. నకల్లో తప్పులు దొర్లుతాయి.

కాలువని కనిపెట్టుకునే లస్కర్లలా ఆ తప్పులు దిద్దేవాళ్ళూ ఉన్నారు. 1994లో బీఆర్‌సీఏ1, మరుసటి ఏడు బీఆర్‌సీఏ2 జన్యువులు దొరికాయి. డీఎన్‌ఏ రెండు పోగులూ తెగినప్పుడు అతికించే పనిలో ఇవి ముఖ్యం. వీటిలో ఒకటి చెడి పుట్టినవారికి ముప్పు బాగా ఎక్కువ. అయితే రొమ్ము కేన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి 5 నుంచి 10 మాత్రమే.

ఇక అసలు సంగతి, గట్టు. నాళం గోడలో లోవరస కణాలు, వాటి వెలుపల పాలను నెట్టే కణాలు, ఆ వెలుపల ఆధారపొర అనే పలచని పొర, అదే గట్టు. లోవరస కణాలు అదుపు తప్పి, గుర్రపుడెక్క కాలువని కమ్మేసినట్టు నాళాన్ని నింపేసినా, ఆ పొర నిలిచినంతకాలం బయటికి దారి లేదు. రక్తనాళాలు, లింఫ్ నాళాలు గట్టు అవతలే ఉన్నాయి. ఈ దశలో పట్టుకుంటే దాదాపు అందరూ బతుకుతారు. కొందరిలో గట్టు ఎప్పటికీ తెగదు కూడా.

తెగేవాటిలో జరిగేదేమిటంటే, పాలను నెట్టే కణాలే గట్టుకి కాపలా, వాటి వరస పలచబడుతుంది. మెటలోప్రోటీనేజ్ అనే ఎంజైములు పొరలోని నాలుగో రకం కొల్లాజెన్‌ని కోసేస్తాయి. గట్టులో పీత బొరియ ఇలాగే పడుతుంది. పైన నడిచే మనిషికి ఏమీ తెలియదు. గ్రీకులు ఈ జబ్బుకి పీత పేరే పెట్టారు, మనం కర్కటం అన్నాం. వాళ్ళు చూసింది గడ్డ చుట్టూ కాళ్ళలా చాచుకున్న రక్తనాళాలని. నాకు మాత్రం ఆ పేరు వినగానే బొరియే గుర్తొస్తుంది.

ఒక కణం రెండై, రెండు నాలుగై, 30 సార్లు రెట్టింపైతే 107 కోట్ల కణాలు. అప్పటికి గడ్డ సుమారు ఒక సెంటీమీటరు. అందుకు సాధారణంగా ఏళ్ళు పడుతుంది. మొన్న పెళ్ళిలో తగిలిన దిష్టి, నిరుడు తగిలిన మోచేతి దెబ్బ అనే మాటలు ఈ లెక్క ముందు నిలవవు. ఆ మాటలు నమ్మి తాయెత్తులతో నెలలు పోగొట్టుకున్నవాళ్ళని చూశాను. కడుపు తరుక్కుపోతుంది.

సూది గట్టుకి గండి కొట్టదమ్మా. గండి ఉంటే ముందే ఉంటుంది. సూదితో గడ్డలోంచి చిన్న ముక్క తీసి చూస్తేనే కణాలకి ఈస్ట్రోజెన్ అనే హార్మోన్‌ని అందుకునే గ్రాహకాలున్నాయా, హెర్2 అనే ప్రోటీన్ ఎక్కువుందా అన్నది తెలుస్తుంది, మందు దాన్నిబట్టే. గట్టు తెగితే నీరు ముందు పక్కనున్న మురుగుకోడులోకి దిగుతుంది. రొమ్ముకి ఆ కోడు చాలావరకు చంకలోని లింఫ్ గ్రంథులవైపే పోతుంది. అందుకే డాక్టరుగారు మీ వదిన చంక కూడా తడిమి చూస్తారు.