మత్తడి దుంకిందంటే చాలదు: ఊరి చెరువుపై అపోహలు – వాస్తవాలు

మృగశిర మొదలు చెరువు ఎండేదాకా ఊళ్లో చెరువు కబుర్లు ఆగవు. వాట్సాప్‌లో, హోటల్ కాడ, పొలం గట్టు మీద అవే మాటలు. ఎన్ని ఎకరాలు నాటెయ్యాలి, రాత్రి కట్ట మీదికి ఎవరు పోవాలి, చేప పిల్లల్ని ఎప్పుడు వదలాలి అన్నవి ఆ కబుర్లను బట్టే తేలుతాయి. అందుకే మత్తడి (నిండిన చెరువు నీళ్లు బయటికి పొర్లిపోయే గోడ) దుంకిందంటే చాలదు, కబురులో కొలత ఉండాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఊళ్లలో తరచూ వినబడే కొన్ని అపోహలు ఇవి.

అపోహ: గేజీ (నీటి మట్టం చూపే కొలబద్ద) సగం చూపిస్తే నీళ్లూ సగం ఉన్నట్టే.

వాస్తవం: మన చెరువులకు కట్ట దగ్గర లోతు ఎక్కువ, శిఖం (నీళ్లు నిండితే మునిగే భూమి) వైపు పలచన. మట్టం దిగేకొద్దీ నీళ్లు పరుచుకునే జాగా కూడా తగ్గిపోతుంది. అడుగు ఒకే దిక్కుకు వాలిన చెరువులో లోతు సగమైతే మిగిలేది పావు వంతు నీళ్లే. మూడు దిక్కుల నుంచీ కట్ట వైపు వాలితే ఎనిమిదో వంతే మిగులుతుంది. తూము (కాలువకు నీళ్లు వదిలే దారి) మట్టానికి కింద ఉన్న నీళ్లు కాలువలోకి రావు కాబట్టి వాటిని సాగు లెక్కలో కలపకూడదు.

యాసంగి (రబీ) పంట దెబ్బతినేది ఈ లెక్క తప్పినప్పుడే. వరికి పంటకాలమంతా 1,200 మి.మీ. నీళ్లు అనుకుంటే ఎకరానికి దాదాపు 5,000 ఘనపు మీటర్లు కావాలి. పల్లికి దాదాపు అందులో సగం చాలు. పైగా ఏప్రిల్, మే ఎండలకు చెరువు మట్టం రోజుకు 8 మి.మీ. దాకా ఆవిరిలోనే పోతుంది, అంటే నెలకు 24 సెం.మీ. ఏ మట్టంలో ఎంత నీరుంటుందో చెప్పే పట్టికను నీటిపారుదల శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) దగ్గర అడిగి తీసుకుని, నారు పోయకముందే ఆయకట్టు రైతులంతా కూర్చుని ఎన్ని ఎకరాలకు నీళ్లిస్తారో తేల్చుకోవాలి. నాట్లు పడ్డాక ఎవరి పొలం ఎండబెట్టాలన్న పంచాయితీ ఏ ఊళ్లోనూ తెగదు.

ఇక గ్రూపులో పెట్టే కబురు "బాగా వచ్చినయ్" అని కాకుండా ఇట్లా ఉండాలి: "ఉదయం 6 గంటలకు తూము పైన 1.8 మీటర్లు. నిన్నటికన్నా 15 సెం.మీ. ఎక్కువ. మత్తడికి ఇంకా 40 సెం.మీ." అప్పుడు కింది చెరువు ఊరివాళ్లకు కూడా తమ దగ్గరికి వరద ఎప్పుడొస్తుందో అంచనా దొరుకుతుంది. గొలుసుకట్టులో ఒక చెరువు మత్తడి నీళ్లే ఇంకో చెరువుకు వరద.

అపోహ: మత్తడి మీద ఇసుక సంచులు వేస్తే నీళ్లు పెరుగుతాయి, వల కడితే చేపలు పోవు.

వాస్తవం: నీళ్లు పెరిగేది నిజమే. కానీ పెరిగిన ఆ నీళ్లు కట్ట మీదికే వస్తాయి. మత్తడి మీద అర మీటరు మందాన పోవాల్సిన వరద, సగం పొడవు మూసుకుపోతే దాదాపు 80 సెం.మీ. మందాన పోవాలి. అంటే భద్రత కోసం నీళ్ల పైన కట్టకు విడిచిన ఎత్తులోంచి 30 సెం.మీ. పోయినట్టు. బండ్లు ఎక్కిదిగి కుంగిన చోట కట్ట ముందే తక్కువగా ఉంటుంది, నీళ్లు అక్కడే పొర్లి కోస్తాయి. వల కూడా అడ్డే. కొట్టుకొచ్చిన గుర్రపుడెక్క, లొట్టపీసు కొమ్మలు దానికి చుట్టుకుంటే గంటల్లోనే గోడ కట్టినట్టవుతుంది. చేపలు దక్కాలంటే పెద్ద వరదలు తగ్గాకే పిల్లల్ని వదలాలి. పిల్లల సంచిని 15–20 నిమిషాలు చెరువు నీళ్లలో తేలనిచ్చి, కొద్దికొద్దిగా ఆ నీళ్లు కలిపి, చల్లని పూట వదలాలి.

అపోహ: వాన లేకపోతే కట్టకు భయం లేదు.

వాస్తవం: వనపర్తి జిల్లా సరళాసాగర్ కట్టకు గండి పడింది 2019 డిసెంబరు 31న, చలికాలంలో. ఇప్పుడు కల్వకుర్తి, భీమా వంటి ఎత్తిపోతల నీళ్లు వానల్లేని నెలల్లోనూ చెరువులు నింపుతున్నాయి. ఏండ్ల తరబడి ఎండిన కట్టలో నెర్రెలు, పందికొక్కు బొక్కలు, ఎండ్రికాయ బొరియలు ఉంటాయి. నీళ్లు నిండిన మొదటి వారాల్లో కట్ట వెలుపలి అడుగు, తూము గోడల పక్కలు పొద్దున, సాయంత్రం నడిచి చూడాలి.

ఊట తేటగా ఉంటే ఒక గుర్తు పాతి, బకెట్ నిండటానికి ఎన్ని సెకన్లు పడుతుందో రాసి పెట్టాలి. ఆ సమయం తగ్గుతుంటే ఊట పెరుగుతున్నట్టు. నీళ్లు మట్టిరంగులో వస్తే కట్ట లోపల మట్టి కోసుకుపోతున్నట్టే. అది బుంగ. అప్పుడు చాలామంది చేసే తప్పు, వెలుపలి రంధ్రాన్ని మట్టితో కుక్కేయడం. నీళ్లు ఆగవు, పక్కన ఇంకో దారి చూసుకుంటాయి. రంధ్రం మీద దొడ్డు ఇసుక, దానిపైన కంకర పోసి, చుట్టూ ఇసుక సంచులతో గుండ్రంగా గూడు కట్టాలి. లోపల నీటి మట్టం లేచి ఒత్తిడి తగ్గుతుంది, మట్టి ఆగి తేట నీళ్లు పొర్లుతాయి. సంచులు సగానికి కాస్త ఎక్కువే నింపాలి. నిండుగా నింపితే ఒకదానిమీద ఒకటి ఒదగవు. లోపలివైపు నీళ్లలో సుడి కనబడితే సంచులు అక్కడ వేయాలి. ఏఈకి, కింది ఊరికి ఫోన్ చేయడం ఈ పనులన్నిటికన్నా ముందే జరగాలి.

అపోహ: చెట్ల వేర్లు కట్టను పట్టి ఉంచుతాయి.

వాస్తవం: పట్టి ఉంచేది గడ్డి. సర్కారు తుమ్మ వేరు చచ్చి కుళ్లితే కట్టలో గొట్టంలాంటి ఖాళీ మిగులుతుంది. పైన నరికి మొదలు వదిలేస్తే పని చేయనట్టే. చెరువు ఎండినప్పుడు మొదలుతో సహా తవ్వి తీసి, తడి బంకమట్టిని 15 సెం.మీ. పొరలుగా పోసి దిమ్మిస కొట్టాలి. చెరువు నిండి ఉన్నప్పుడు మాత్రం పెద్ద చెట్టును పెకిలించకూడదు.

అపోహ: పూడిక ఎంత లోతు తీస్తే అంత మంచిది.

వాస్తవం: అడుగున ఉన్న బంకపొరే నీళ్లను నిలుపుతుంది. మొరం (కింది గరుకు నేల) తేలేదాకా తవ్వితే చెరువు తొందరగా ఇంకిపోతుంది. కట్ట అడుగును ఆనుకుని తవ్వితే కట్టే జారుతుంది. ఎక్కడిదాకా తవ్వాలో ఏఈతో సున్నం గీత గీయించుకున్నాకే జేసీబీ దించాలి. ఒండ్రుమట్టి చల్క (ఎర్ర ఇసుక) నేలకు మేలు, నల్లరేగడికి అక్కర్లేదు. ఎకరమంతా సెంటీమీటరు మందం పరవడానికి 40 ఘనపు మీటర్లు, అంటే 3 ఘనపు మీటర్లు పట్టే ట్రాలీతో 13–14 ట్రిప్పులు.

అపోహ: శిఖం పట్టా ఉంటే ఏమైనా కట్టుకోవచ్చు.

వాస్తవం: నీళ్లు తగ్గినప్పుడు సాగు చేసుకునే హక్కే అది. మట్టి పోసి ఎత్తు లేపడం, గోడ కట్టడం కుదరదు.

అపోహ: చేపలు తేలితే ఎవరో మందు కలిపినట్టే.

వాస్తవం: ముసురు పట్టిన రోజుల్లో, ఆకుపచ్చగా మారిన నీళ్లలో, తెల్లవారుజామున ప్రాణవాయువు అడుగంటుతుంది. అట్లాంటప్పుడు చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి, సాధారణంగా పెద్దవి ముందు చస్తాయి. మందు కలిస్తే వేళాపాళా ఉండదు, చిన్నాపెద్దా తేడా లేకుండా కప్పలు, నీటి పురుగులు కూడా చావవచ్చు. మొదటిదైతే మోటరుతో చెరువు నీళ్లనే ఎత్తి తిరిగి చెరువులోకే చిమ్మాలి, పేడ, ఎరువు వేయడం ఆపాలి. రెండోదని అనుమానముంటే శుభ్రమైన సీసాలో నీళ్లు, ఐసులో రెండు మూడు చేపలు పెట్టి అదే రోజు మత్స్యశాఖ వాళ్లకు అందించాలి. చచ్చిన చేపల్ని ఎవరూ వండుకోకుండా ముందు ఊళ్లో చాటింపు వేయించాలి.